చెప్పుకోవడానికి ఒక మనిషి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో బడి జ్ఞాపకాలు చెప్పుకోవడం ఆనవాయితీ. నేను మాత్రం మనం ఎప్పుడూ మాట్లాడుకోని విషయం ఒకటి చెబుతాను. ఒప్పుకున్న కమిటీ వారికి కృతజ్ఞతలు. చిన్నతనంలో లైంగిక వేధింపులకు గురై, పెద్దయ్యాక కూడా ఆ బరువు మోస్తున్నవారి సంగతి ఇది. వారిలో నేనూ ఒకణ్ణి.

మిరప కోతలు, పత్తి తీతల రోజుల్లో మన ఊళ్ళలో పెద్దలంతా చేలో ఉండేవారు. పిల్లల్ని తెలిసినవారు కనిపెట్టుకుని ఉండేవారు. నాకు కీడు చేసింది అలా ఇంట్లోకి వచ్చిపోయే మనిషే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మొదటిసారి నోరు విప్పింది నలభై ఏడో ఏట, నా భార్య దగ్గర. ఈ మధ్యలో చదువు సాగింది, ఉద్యోగం సాగింది. కంటి నిండా నిద్ర మాత్రం లేదు.

ఇది నా ఒక్కడి కథ కాదు. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక అధ్యయనం వెలువరించింది. మన రాష్ట్రంతో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే, 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. వారిలో సగానికి పైగా మగపిల్లలే. ఎక్కువమంది ఎవరికీ చెప్పుకోలేదు.

కల్లంలో సరిగా ఆరని కాయను బస్తాకెత్తితే ఏమవుతుందో మనకు తెలుసు. పైకి ఎర్రగానే ఉంటుంది, లోపల బూజు పడుతుంది.

కోలుకోవడం సాధ్యమే. అమెరికా మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో రాసిన పుస్తకంలో మూడు దశలు చెప్పారు. మొదటిది, భద్రంగా ఉన్నానన్న ధీమా. రెండోది, జరిగినదాన్ని చెప్పుకుని దుఃఖం తీర్చుకోవడం. మూడోది, మళ్ళీ నలుగురిలో కలవడం. నాకు వైద్యం చేసిన డాక్టరుగారు ముందు నిద్ర సంగతి చూశారు. పాత విషయం నేను ఎత్తేదాకా ఆయన ఎత్తలేదు. కోలుకోవడమంటే మరిచిపోవడం కాదు. ఆ మనిషిని క్షమించి తీరాలనీ లేదు. సిగ్గుపడాల్సింది మనం కాదని మనసుకు తెలియడం. “ఇందులో మీ తప్పేముందండీ?” అని నా భార్య ఆ రోజు అన్న మాటతోనే నాకు అది మొదలైంది.

మిత్రులారా, మీ దగ్గర ఎవరైనా నోరు విప్పితే “ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?” అని అడగకండి. నమ్మండి. నమ్ముతున్నానని పైకి అనండి. వారి అనుమతి లేకుండా మరొకరి చెవిన వేయకండి. టెలీ మానస్ 14416కి రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

గురువులకు ఒక మనవి. మన చిన్నప్పుడు లేని పోక్సో చట్టం 2012లో వచ్చింది. ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకటే చట్టం. ఒక బిడ్డకు ఇలా జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం మన విధి. బిడ్డ పేరు బయటపెట్టకూడదు. 1098 నంబరు ప్రతి తరగతి గోడ మీదా ఉండాలి.

చివరగా ఒక ప్రతిపాదన. స్వర్ణోత్సవ నిధితో ఆర్చి కట్టాలనుకుంటున్నాం. సంతోషమే. దానితోపాటు వారానికి ఒకరోజు పిల్లలతో మాట్లాడేందుకు శిక్షణ పొందిన కౌన్సిలర్‌ను పెడదాం. మొదటి ఏడాది ఖర్చు నాది. ఇప్పుడు ఈ బెంచీల మీద కూర్చున్న పిల్లలు చెప్పుకోవడానికి నలభై ఏడేళ్ళు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

సెలవు.