గర్భంలో ఏర్పడే అవయవాలు – సున్తీకి ముందు తెలుసుకోవలసినది

తల్లి గర్భపు చీకటిలో మనకు రూపమిచ్చిన అల్లాహ్‌కు సకల స్తోత్రాలు. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక.

ధార్మిక సోదరులారా, తెర వెనుక ఆలకిస్తున్న సోదరీమణులారా!

మూత్రావయవాలు, జననావయవాలు గర్భంలో ఏ విధంగా ఏర్పడతాయో ఈ జుమానాడు ప్రస్తావించదలచాము. మిన్‌బర్ మీద ఇటువంటి మాటలా అని కొందరికి సంకోచం కలుగవచ్చు. అన్సార్ స్త్రీలు ధర్మజ్ఞానం ఆర్జించడానికి సిగ్గును అడ్డు రానీయలేదని హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) వారిని మెచ్చుకున్నారు. ఆ ఆదర్శమే మాకు చాలును.

మనిషి గర్భంలో దశలవారీగా సృష్టించబడ్డాడని దివ్య ఖుర్ఆన్ అల్ మోమినూన్ సూరాలో తెలుపుతుంది. ఆ దశలలో మూత్రపిండాల కథ అత్యంత ఆశ్చర్యకరమైనది. పిండంలో మూత్రపిండాలు ఒకసారి కాదు, మూడుసార్లు పుడతాయి. నాలుగవ వారంలో మెడ వద్ద కనిపించే మొదటి జత కొద్ది రోజులలోనే అదృశ్యమవుతుంది. రెండవ జత కొంతకాలం పనిచేసి కరిగిపోతుంది. ఐదవ వారంలో కటిభాగాన మొలిచే మూడవ జతే శాశ్వతమైనది. అది తొమ్మిదవ వారం నాటికి మెల్లగా పైకి జరిగి నడుముభాగానికి చేరుతుంది. కరిగిపోయిన రెండవ జత నాళం మాత్రం వృథా కాదు. మగబిడ్డలో అదే శుక్రనాళం అవుతుంది. ఆడబిడ్డలో దాని పక్కనున్న మరొక జత నాళాలు గర్భాశయంగా రూపొందుతాయి. అందువలననే ఒక మూత్రపిండం లేకుండా పుట్టిన ఆడపిల్లకు గర్భాశయాన్ని కూడా పరీక్షించాలని వైద్యులు కోరుతారు.

ఆరవ వారం వరకు ఆడ, మగ పిండాల అవయవాలలో భేదం కనిపించదు. ఇద్దరిలోనూ రెండు రకాల నాళాలు ఉంటాయి. ఏడవ వారంలో, పిండం పొడవు సుమారు 2 సెంటీమీటర్లైనా లేని సమయాన, మార్గాలు వేరుపడతాయి. వృషణాల నిర్మాణాన్ని ప్రారంభించే జన్యువును లండన్ శాస్త్రవేత్తలు 1990లో గుర్తించారు. ఆ తరువాత మగపిండంలో మూత్రమార్గపు రెండు అంచులు వెనుక నుంచి ముందుకు కలుసుకుంటూ పోయి గొట్టంగా మూసుకుంటాయి. ఈ పని నాలుగవ నెల ఆరంభానికి దాదాపు ముగుస్తుంది.

ఆ మూత మధ్యలో ఆగిపోతే మూత్రరంధ్రం కొనన కాక, అడుగు భాగాన ఉండిపోతుంది. దీనిని హైపోస్పేడియస్ అంటారు. సుమారు 200 నుంచి 300 మంది మగబిడ్డలలో ఒకరికి ఇది ఉంటుంది. ఇటువంటి బిడ్డకు ముందోలు తరచుగా పైభాగానే ఉంటుంది, కింద ఉండదు. అది చూసి మన దాదీలు, నానీలు ‘పుట్టుకతోనే సున్తీ అయిన బిడ్డ’ అని మురిసిపోతారు. కొందరు మిగిలిన కొద్ది చర్మాన్ని కూడా తీయించివేస్తారు. సోదరులారా, ఇక్కడనే మేము మిమ్ములను ఆపదలచుకున్నాము. శస్త్రవైద్యులు కొత్త మూత్రమార్గాన్ని నిర్మించడానికి వాడుకునేది తరచుగా ఆ చర్మాన్నే. అది పోతే నోటిలోపలి పొర నుంచో, మరొక చోటి నుంచో చర్మం తేవలసి రావచ్చు.

సున్తీ ప్రవక్తల సంప్రదాయం. అందులో సందేహం లేదు. కాని బిడ్డకు హాని కలిగే పక్షంలో దానిని వాయిదా వేయడానికి ఫికహ్ పండితులు అనుమతించారు. మూత్రమార్గం సరిచేసే శస్త్రచికిత్సతోనే సున్తీ కూడా ముగుస్తుంది. బంధువులు అడిగితే ‘వైద్యులు ఆగమన్నారు’ అని చెప్పండి. అంతకు మించిన వివరణ ఎవరికీ ఇవ్వనక్కరలేదు. వెయ్యి సంవత్సరాల క్రితమే కార్డొబాకు చెందిన వైద్యుడు అజ్జహ్రావీ తన శస్త్రవైద్య గ్రంథంలో సున్తీ గురించి, మూత్రరంధ్రం తన చోట లేని శిశువుల గురించి కూడా వ్రాశారు. ఇది మన సమాజానికి కొత్త విద్య కాదు.

పోర్టులోనో, ఉక్కు కర్మాగారంలోనో షిఫ్టులు చేసే తండ్రులు బిడ్డకు నీళ్ళు పోసే వేళ ఇంట్లో ఉండరు. చూసే కళ్ళు తల్లివి, నానమ్మవి. మూత్రం ధారగా ఎటు పడుతున్నదో వారు గమనించాలి. చుక్కలు చుక్కలుగా మాత్రమే వస్తే ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్ళాలి. లోపలి అడ్డంకి మూత్రపిండాలను దెబ్బతీయగలదు. వృషణాలు ఏడవ నెల తరువాత కిందికి దిగుతాయి. నెలలు నిండి పుట్టిన వందమందిలో సుమారు ముగ్గురికి ఒకటైనా దిగి ఉండదు. ఆరు నెలల వరకు చూడవచ్చు, ఆపై ఆలస్యం తగదు.

ఆడబిడ్డో మగబిడ్డో వెంటనే చెప్పలేని శిశువులు కూడా జన్మిస్తారు. వారిలో కొందరికి మూత్రపిండాల మీది గ్రంథిలో ఒక లోపం ఉంటుంది. రెండు, మూడు వారాలలోనే వాంతులతో, శరీరంలోని ఉప్పు కోల్పోయి ప్రాణాపాయం కలుగవచ్చు. దగ్గరి చుట్టరికంలో పెళ్ళిళ్ళు జరిగే కుటుంబాలలో ఇటువంటి వంశపారంపర్య వ్యాధుల అవకాశం ఎక్కువ. అటువంటి బిడ్డను గదిలో దాచిపెట్టడం అంటే మందు అందకుండా చేయడమే. మన పండితులు ‘ఖున్సా’ అనే పేరిట వారి వారసత్వపు హక్కును, నమాజు వరుసలలో వారి స్థానాన్ని కూడా చర్చించారు. మూత్రం వెలువడే చోటును బట్టి నిర్ణయించే పద్ధతిని సైతం చెప్పారు. ఇప్పుడు రక్తపరీక్ష, స్కాన్, క్రోమోజోముల పరీక్ష ఆ నిర్ణయానికి తోడ్పడుతున్నాయి.

కోటవీధి నుంచి గాజువాక దాకా ఉన్న కుటుంబాలకు మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆస్పత్రి ఉన్నది. 1923లో ఆరంభమైన ఆంధ్ర వైద్య కళాశాలకు అది అనుబంధం. అక్కడ పిల్లల శస్త్రచికిత్స విభాగం పనిచేస్తున్నది. సున్తీ కోసం తేదీ నిశ్చయించే ముందు ఒకసారి పిల్లల వైద్యునికి బిడ్డను చూపించండి. సున్తీ చేసేవారు కూడా మూత్రరంధ్రం చూడనిదే కత్తెర పట్టరాదు.

శస్త్రచికిత్స కొరకు ఎదురుచూస్తున్న చిన్నారులకు అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక, వారి తల్లిదండ్రుల గుండెలకు నిబ్బరం కలిగించుగాక. ఆమీన్.