పాత గాలపు రీలులో కొత్త భాగం: గుర్తించుట ఎట్లు?

(సమాఖ్య వృత్తి నైపుణ్య తరగతిలో చదివిన ప్రసంగ పాఠం)



రైళ్ళు నడిపేవారికి, ఉత్తరాలు చేర్చేవారికి గాలపు రీలుతో ఏమి పని అని మీలో కొందరు అనుకొనవచ్చును. అరచేతిలో ఇమిడే ఆ చిన్న యంత్రంలో పళ్ళచక్రం, బేరింగు, స్ప్రింగు, బ్రేకు, మర అన్నీ ఉన్నవి. మన వర్కుషాపుల విద్య యావత్తూ అందులో సూక్ష్మరూపంలో కనిపిస్తుంది. పాత రీలును విప్పినప్పుడు పటంలో లేని భాగం ఒకటి ఎదురైతే ఏమి చేయవలెను? ఈనాటి మన చర్చనీయాంశం ఇదే.

అనుభవం లేని మెకానిక్కు వెంటనే, "ఇది తప్పు భాగం, తీసి పారవేయండి" అంటాడు. ఈ తొందరపాటు వలన రెండు నష్టాలు కలుగుతున్నవి. ఒకటి, ఆ భాగం ఎందుకు వచ్చినదో తెలిపే సాక్ష్యం నశిస్తుంది. రెండు, పేరు తెలియని ఒక పనివాని ఆలోచన చెత్తబుట్ట పాలవుతుంది.

వింత భాగాలు స్థూలంగా నాలుగు రకాలు. మొదటిది, కర్మాగారమే చేసిన మార్పు. ఫ్రాన్సులోని క్లూజ్ పట్టణంలో తయారైన మిచెల్ రీళ్ళలో తొలినాటి వాటికి దారాన్ని పట్టే తీగ సగమే ఉండేది; తరువాతి వాటికి పూర్తి తీగ అమర్చినారు. స్వీడన్‌లో 1921లో స్థాపితమైన ఆబూ సంస్థ తన అంబాసడర్ రీళ్ళ పాదం అడుగున అంకెలు ముద్రించింది. ఏ కాలపు తయారీయో వాటినిబట్టి తెలుసుకొనవచ్చును. రెండవది, అదే సంస్థకు చెందిన మరొక నమూనా నుండి తెచ్చి వేసిన భాగం. మూడవది, యజమాని తన అవసరానికి చేయించుకొన్న మార్పు. నాలుగవది, భాగం దొరకక చేసిన అతుకు.

మూడవ రకానికి ఒక ఉదాహరణ. కొన్ని ఫ్లై రీళ్ళలో దారం బయటకు పోయేటప్పుడు టిక్కుటిక్కుమని అడ్డుపడే చిన్న లోహపు ముక్క ఉంటుంది. దానిని తిరగవేసి పెడితే కుడిచేతి రీలు ఎడమచేతి రీలు అవుతుంది. ఆ ముక్క "తలక్రిందులుగా" ఉన్నదని మనం సరిచేసి ఇచ్చినామనుకోండి. ఎడమచేతితో చుట్టే మనిషికి పనికిరాని వస్తువును ఇచ్చినవారమవుతాము. కనుక విప్పడానికి ముందే అడుగవలసిన ప్రశ్న: "అయ్యా, తమరు ఏ చేతితో చుట్టుతారు?"

ఇక ఆనవాళ్ళు. నికెలు పూత వేసిన ఇత్తడి పలకలో కర్మాగారం వేసిన రంధ్రపు అంచులకు సాధారణంగా పూత ఉంటుంది. తరువాత వేసిన రంధ్రపు అంచున పచ్చి ఇత్తడి బయటపడుతుంది. లేత్ మీద తిరిగిన భాగంపై గీతలు వలయాకారంలో సమంగా ఉంటవి. ఆకురాయితో అరగదీసిన భాగంపై అడ్డదిడ్డంగా ఉంటవి. పూర్వం అక్కడ వేరొక వాషరు ఉండి ఉంటే దాని అంచు మరక లోహం మీద నిలిచి ఉంటుంది. అన్నిటికంటె నమ్మదగిన సాక్ష్యం అరుగుదల. రెండు పళ్ళచక్రాల అరుగుదల ఒకదానికొకటి సరిపోయినచో అవి చాలాకాలం కలిసి పనిచేసినవని అర్థం. ఒకటి అరిగి, రెండవది కొత్తదిగా ఉంటే మార్పు ఇటీవలిది. ఈ సాక్ష్యాలన్నీ చూడకముందే కిరోసిన్‌లో ముంచి తోమరాదు.

మరల విషయం మన తంతి, సిగ్నల్ శాఖల వారికి బాగా తెలిసినదే. 1884లో బ్రిటిష్ అసోసియేషన్ నిర్ణయించిన బి.ఏ. మరలు తంతి, టెలిఫోన్ పరికరాలలో విరివిగా వాడబడినవి. పాత ఇంగ్లీషు రీళ్ళలోనూ ఇవి ఎదురుపడతవి. 2 బి.ఏ. స్క్రూ వ్యాసం 4.7 మిల్లీమీటర్లు, చుట్టుకు చుట్టుకు దూరం 0.81. ఈనాటి 5 మిల్లీమీటర్ల మెట్రిక్ స్క్రూకు ఆ దూరం 0.8. కంటికి రెండూ ఒకటే! కాని బి.ఏ. మర కోణం 47.5 డిగ్రీలు, మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలు. మెట్రిక్ స్క్రూను బలవంతంగా త్రిప్పితే అది రంధ్రంలోని పాత మరను కోసివేస్తుంది. స్క్రూ చేతితో సులభంగా ఎక్కకపోతే అక్కడే ఆగి, త్రెడ్ గేజితో కొలవవలెను. ఎడమ మర ఉండే అవకాశాన్నీ మరువరాదు. భారతదేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. ఆ పరికరాలను బాగుచేసిన చేతుల విద్య మాత్రం దానితో ముగియనక్కరలేదు.

ప్రతి మార్పునూ గౌరవించవలెనంటే ప్రతి మార్పునూ అట్లే ఉంచవలెనని కాదు. అమెరికాలో 1932లో స్థాపితమైన పెన్ సంస్థవారి పాత సముద్రపు రీళ్ళను చూడండి. వాటి బ్రేకులోని పాత వాషర్ల స్థానంలో కార్బన్ నారతో చేసిన వాషర్లు వేసుకొన్నవారు అనేకులు. బ్రేకు చక్కగా పట్టుతుంది, జర్కులు తగ్గుతవి. కాని బ్రేకు ఎక్కువ బిగించినకొద్దీ బరువు మరొకచోట పడుతుంది. మెత్తని ఇత్తడి పళ్ళు ఊడవచ్చును; ప్రక్క పలకలను కలిపే కడ్డీలు మెలిపడవచ్చును. పిడి వెనుకకు తిరగకుండా ఆపే ఒకే ఒక చిన్న అడ్డుమీట విరిగినదా, పెద్ద చేప లాగుతున్న వేళ పిడి గిర్రున వెనుకకు తిరిగి వ్రేళ్ళ కణుపులను చితకగొట్టగలదు. కాబట్టి బలపరచిన భాగాన్ని చూచినప్పుడు దాని ప్రక్కనున్న బలహీన భాగాన్ని వెదకవలెను. బండికి బ్రేకు మార్చినవాడు కప్లింగును కూడ చూడవలెనని మన రైల్వే సోదరులకు వేరే చెప్పనక్కరలేదు.

మేము పాటించే క్రమం ఇది. విప్పుతూ ప్రతి దశలో ఫోటో తీయుట. తీసిన వరుసలోనే భాగాలను తెల్లగుడ్డపై పేర్చుట. వింత భాగాన్ని కాలిపరుతో కొలిచి బొమ్మ గీయుట. సంస్థ పటంతోను, వీలైతే అదే నమూనా రెండవ రీలుతోను పోల్చుట. పిమ్మట మూడు ప్రశ్నలు: ఇది పనిచేయుచున్నదా? ఇతర భాగాలకు హాని చేయుచున్నదా? పూర్వస్థితికి తేవడం సాధ్యమా? పనిచేస్తూ హాని చేయనిదైతే కదపరాదు. తీయక తప్పనిదైతే పాత భాగాన్ని కవరులో ఉంచి, తేదీ, కారణం వ్రాసి, యజమానికే అప్పగించవలెను. చిరునామా లేని ఉత్తరాన్ని సైతం చింపివేయక ఆచూకీ వెదకే శాఖవారికి ఈ నియమం కొత్తది కాదు.

మిత్రులారా! పెట్టెను విప్పకుండా పెట్టెనే మార్చివేసే పద్ధతి నేడు ప్రబలుతున్నది. భాగాలు అమ్మరు, పటాలు ఇవ్వరు. వినియోగదారునికి మరమ్మతు హక్కు ఉండవలెనన్న వాదం బలపడి, 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం అందుకై ఒక పోర్టలును ప్రారంభించినది. అది మంచిదే. అయితే విప్పగల చేతులు, విప్పినదానిని చదువగల కన్నులు లేనప్పుడు ఆ హక్కు కాగితం మీదనే నిలిచిపోతుంది. ఆ చేతులు, ఆ కన్నులు కార్మికవర్గానివి. పాత రీలులోని ఒక ఆకురాయి గీతలో మరొక కార్మికుని ఆలోచనను గుర్తించగలిగినవాడు తన పనిని కూడ తేలికగా చూడనివ్వడు. ప్రతి శాఖలోను ఒక బల్ల, ఒక కాలిపరు, ఒక నోటు పుస్తకంతో ఈ అభ్యాసాన్ని ఆరంభించవలసినదిగా కోరుతున్నాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!