పట్టేవాడి విలువ ఎంత?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం 'మన బడి – ఆటలు'. అన్ని ఆటల గురించి చెప్పుకుంటూ పోతే భోజనాల వేళ దాటిపోతుంది. కబడ్డీ ఒక్కటే మాట్లాడతాను, అందులోనూ ఒక్క సంగతే. ఈ ఏడాది నుంచి మన సంఘం ఆటగాళ్లకు ఉపకార వేతనం ఇవ్వాలని తీర్మానించింది. సంతోషం. దరఖాస్తు ఫారం నమూనా నాకు కూడా పంపించారు. అందులో 'జిల్లా పోటీల్లో సాధించిన పాయింట్లు' అని ఒక గడి ఉంది. నా పేచీ ఆ గడితోనే.

పాయింట్లు ఎవరికి ఎక్కువ వస్తాయి? కూతకు పోయేవాడికి. పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ముప్పై ఏండ్లు పిల్లలతో తిరిగినవాణ్ణి, నాకు తెలుసు. సంక్రాంతి పందాలకు పక్క ఊరివాళ్లు ఎవరిని పిలుచుకుపోతారు? మంచి కూత ఉన్న పిల్లవాణ్ణి. వాడికి బస్సు ఛార్జీ, భోజనం, చేతిలో నాలుగు నోట్లు. మూలన నిలబడి కాలు పట్టేవాడు కూడా వెంట పోతే వాడికి దక్కేది బిర్యానీ మాత్రమే. మా ఊళ్లలో బేరం ఎప్పుడూ ఇట్లనే నడిచింది.

పెద్ద బేరం సంగతి చూద్దాం. 2014లో ప్రొ కబడ్డీ మొదలైంది. 2018 వేలంలో అందరికంటే ముందు కోటి రూపాయలు పలికిన ఆటగాడు ఎవరో గుర్తుందా? ఫజల్ అత్రాచలి, ఇరాన్ దేశస్థుడు. యు ముంబా కొన్నది. కూతకు పోయేవాడు కాదు, ఎడమ మూలన నిలబడి పట్టేవాడు. అదే వేలంలో ఆ తర్వాత రైడర్లు అతని ధర దాటిపోయారనుకోండి, అది వేరే మాట.

2023 వేలం మనకు ఇంకా దగ్గరిది. మన తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. జట్టు మొత్తానికి ఖర్చు పెట్టగలిగింది 5 కోట్లు. అంటే సగానికి పైగా ఒక్క రైడర్ మీదనే. పవన్ బాగా ఆడలేదని ఎవరూ అనలేరు. కానీ 22 మ్యాచుల్లో టైటాన్స్ గెలిచింది రెండు. పన్నెండు జట్లలో ఆఖరి స్థానం. అదే వేలంలో పుణేరి పల్టన్ 2 కోట్ల 35 లక్షలు పెట్టి మొహమ్మద్‌రెజా షాద్లూయిని తీసుకుంది. జాబితాలో ఆల్‌రౌండర్ అని రాసినా అతని అన్నం పట్టు మీదనే. అంతకు ముందు 2021–22లో పట్నా పైరేట్స్ తరఫున 89 ట్యాకిల్ పాయింట్లతో అందరికంటే ముందున్నాడు. పుణేరి తరఫున 99 తెచ్చాడు, ఆ సీజన్‌లోనూ అదే ఎక్కువ. 2024 మార్చి 1న మన గచ్చిబౌలి స్టేడియంలోనే జరిగిన ఫైనల్‌లో పుణేరి 28–25తో హర్యానా స్టీలర్స్‌ను ఓడించింది. మరుసటి వేలంలో ఓడిన హర్యానావాళ్లే అతణ్ణి 2 కోట్ల 7 లక్షలకు తీసుకున్నారు. ఆ ఏడాది డిసెంబర్‌లో కప్పు హర్యానాకు పోయింది.

ఒక్కడి వల్లనే కప్పు రాదు. పుణేరిలో అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రవాళ్లను ఆ జట్టే పెంచుకుంది, అప్పుడు బి.సి. రమేశ్ లాంటి కోచ్ ఉండేవాడు. అయినా పట్టేవాడి మీద కోట్లు పెట్టడం పిచ్చిపని కాదని తేలింది గదా.

ఇక మన పిల్లల దగ్గరికి వస్తాను. పద్నాలుగేండ్ల లోపు పోటీల్లో ఎవరు మెరుస్తారో చూడండి. తోటివాళ్లకంటే ముందే ఎదిగినవాడు. ఎనిమిదో తరగతిలోనే మీసం వచ్చిన పిల్లవాడు కూతకు పోతే ముగ్గురిని ఈడ్చుకొని గీత మీద పడతాడు. చప్పట్లు, షీల్డు, పేపర్లో ఫొటో. ఇంటర్‌కు వచ్చేసరికి మిగతావాళ్లూ అంత ఎదుగుతారు, వీడి బలం మామూలు బలం అవుతుంది. అట్లాంటి పిల్లలను నేను చాలామందిని చూశాను. వాళ్ల తప్పేం లేదు, మనమే వాళ్ల వయసును చూసి ఆట అనుకున్నాం. పట్టు అట్లా కాదు. వచ్చినవాడి నడుము ఎటు తిరుగుతుందో చూడాలి, వాడు బోనస్ గీత మీద కాలు పెట్టేదాకా ఆగాలి, పక్కవాడి చెయ్యి వదలొద్దు. ఇది శరీరంతో రాదు, వచ్చినదీ తొందరగా పోదు.

మరి పట్టేవాణ్ణి ఎట్లా లెక్కగట్టాలి? ఎన్ని పట్టాడో రాస్తే సరిపోదు. తొందరపడి ఎన్నిసార్లు దూకి చేజార్చుకున్నాడో పక్కనే రాయాలి. ఎందుకంటే పట్టు కుదిరితే మనకు ఒక పాయింటు, వాళ్ల రైడర్ బయటికి, మనవాడొకడు లోపలికి. చేజారితే పాయింటు వాళ్లకు, మనవాడు బయటికి, వాళ్లవాడొకడు లోపలికి. అందుకే పది పట్టి పది వదిలినవాడికంటే ఆరు పట్టి ఒకటి వదిలినవాడు నాకు ముద్దు. మన వైపు ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు పడితే రెండు పాయింట్లు, సూపర్ ట్యాకిల్. అప్పుడు ఎవరి గుండె గట్టిదో వేరుగా రాసుకోవాలి.

స్కోరు పుస్తకంలో అసలే పడనిది ఇంకొకటి ఉంది. వచ్చినవాడు ముప్పై సెకన్లు కూత పెట్టి, ఎవరినీ తాకలేక ఉత్త చేతులతో వెనక్కి పోతాడు. పుస్తకంలో సున్నా. ఆ సున్నా ఎవరు సంపాదించారు? రైడర్ వచ్చిన వైపు మూలన ఉన్న పిల్లవాడు అరడుగు ముందుకు జరిగి దారి మూసేశాడు. ప్రొ కబడ్డీలో వరుసగా రెండు ఖాళీ కూతలు పోతే మూడోది చావో రేవో, పాయింటు తేకపోతే రైడర్ ఔటు. మూడో కూతలో పట్టినవాడి పేరు టీవీలో వస్తుంది. మొదటి రెండింటిని ఆపినవాడి పేరు రాదు.

ఇంకో చిక్కు. మూలలవాళ్లు జోడెడ్ల లాంటివాళ్లు. సురేందర్ నాడా, మోహిత్ ఛిల్లర్ యు ముంబాలో చెరో మూలన నిలబడి పేరు తెచ్చుకున్నారు, ఒకరి ధైర్యం ఒకరికి. మన బళ్లలో ఒక పిల్లవాడి తల్లిదండ్రులు పనికోసం పుణెకో ముంబైకో పోయారంటే, పాలమూరులో ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు, వాడితోపాటు ఇక్కడ మిగిలిన జోడీవాడి ఆట కూడా పడిపోతుంది. ఆ ఏడాది లెక్క చూసి వాణ్ణి తీసేయడం అన్యాయం.

బరువు సంగతి కూడా చెప్పాలి. చిన్న వయసు పోటీలకు బరువు హద్దు ఉంటుంది. పట్టేవాళ్లకు తొడలు గట్టిగా ఉంటాయి కాబట్టి ముందు హద్దు దాటేది వాళ్లే. తూకం ముందు రోజు అన్నం మానేసి, నీళ్లు మానేసి, స్వెట్టర్ వేసుకొని ఎండలో పరుగెత్తే పిల్లలను చూశాను. అట్లా తూకం గెలిచినవాడు మ్యాచులో కళ్లు తిరిగి పడతాడు. మన వేతనం తీసుకునే పిల్లవాడు ఈ పని చేయకూడదనే షరతు పెట్టండి. బరువు ఎక్కువైతే పై వయసు జట్టులో ఆడుకుంటాడు, ఒక ఏడాది ఆగుతాడు, వేతనం మాత్రం ఆగొద్దు.

ఆడపిల్లల విషయంలో ఇంకో అన్యాయం జరుగుతుంది. ఒక్క కూత బాగా పెట్టే అమ్మాయిని చూసి జట్టంతా అదే అనుకుంటాం. వాళ్ల మ్యాచులకు స్కోరు రాసేవాళ్లు కూడా దొరకరు.

కాబట్టి నేను కోరేది ఇదీ. ఫారంలో పాయింట్ల గడి తీసేయండి. ఒక్క టోర్నమెంటు చూసి కాకుండా రెండేండ్లు చూసి ఇవ్వండి. ఏటా నలుగురికి ఇస్తామంటున్నారు, అందులో ఇద్దరు పట్టేవాళ్లు ఉండాలి, కనీసం ఒకరు అమ్మాయి కావాలి. కోట్ల వేలం చూసి చదువు మానిపించే తల్లిదండ్రులు మన ఊళ్లలోనూ మొదలయ్యారు. కనుక డబ్బు కాలేజీ ఫీజు కిందనే పోవాలి, చేతికి ఇవ్వొద్దు.

లెక్క రాయడానికి మనుషులు కావాలి. నేనొక కాగితం తయారు చేశాను, నాలుగే నాలుగు గళ్లు: పట్టినవి, వదిలినవి, ముగ్గురిలో పట్టినవి, ఉత్త చేతులతో పంపినవి. మండల స్థాయి ఆటలప్పుడు గ్రౌండు పక్కన కుర్చీ వేసుకొని కూర్చోగలిగినవాళ్లు, మన విశ్రాంత సార్లయితే మరీ మంచిది, భోజనాల దగ్గర మన వ్యాయామ ఉపాధ్యాయుడికి పేరు రాయించండి. కాగితాలు ఆయన దగ్గరే పెట్టాను. పెన్సిలు మాత్రం మీరే తెచ్చుకోవాలి.