చెరువుల పటము



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో చెరువు లేని యూరు అరుదు. బయ్యారపు చెరువును గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ త్రవ్వించినట్లు అచ్చటి శాసనము తెల్పుచున్నది. భూపాలపల్లి ప్రాంతమందలి గణపసముద్రమును కాకతీయుల నాటిదే. ఇంతకాలము చెరువు హద్దెచ్చటనో యెరిగినవారు నీరటికాండ్రును, మీవంటి పెద్దలును. ఇప్పుడా హద్దును ఆకాశమునుండి చూచి పటమున కెక్కించుచున్నారు. ఆ పని యెట్లు సాగునో, అందు మీ పాలెంతయో మనవి చేసెదను.

ఉపగ్రహము మన కంటికి కానరాని వెలుగును గూడ చూచును. సూర్యకాంతిలో పరారుణమను భాగమును నీరు దాదాపుగా మ్రింగివేయును. పచ్చని యాకు దానిని మిక్కుటముగా వెనుకకు పంపును. కావున ఆ వెలుగున దీసిన చిత్రములో నీరు నల్లగను, పైరు మెరయుచును అగపడును. ఈ భేదమును లెక్కగట్టి కంప్యూటరు ప్రతి చిన్న గడియు నీరో నేలయో నిర్ణయించును. వానలకు ముందొకటి, పిమ్మట నొకటి చిత్రములు దీసి పోల్చినచో, ఏడాది పొడుగున నీరు నిలుచు చెరువేదో, వేసవికి ముందే యెండు కుంట యేదో తేలిపోవును.

అహమదాబాదులోని ఇస్రో వారి కేంద్ర మొకటి 2006-07 చిత్రములతో దేశమంతటి చిత్తడి నేలల పటమును సిద్ధపరచి, 2017-18 చిత్రములతో మరల సరిచూచినది. అందు 2.25 హెక్టార్లకు, అనగా సుమారు అయిదున్నర ఎకరములకు, లోబడిన కుంటకు ఆకారము లేదు, చుక్క మాత్రమే. ఆ పటమున 1 సెంటీమీటరు నేలపై 500 మీటర్లు. 150 మీటర్ల కుంట 3 మిల్లీమీటర్లై పోవును. అంతకంటె చిన్నదానికి రూపు గీయుట కష్టము. కాని మెట్ట ఊళ్లలో పశువుల దప్పి తీర్చునవి, బావులలో ఊట నిలుపునవి తరచుగా ఆ చుక్కలే కదా!

ఆకాశపు కన్నును పొరబడును. గుర్రపుడెక్క కప్పిన చెరువు దానికి పైరువలె తోచును. దమ్ము చేసిన వరిమడి చెరువువలె తోచును. భూపాలపల్లి బొగ్గుగనుల నల్లని నేల నీరని భ్రమ గొల్పవచ్చును. గని గోతిలో నిలిచినది నిజముగ నీరే యైనను దానిని చెరువుల వరుసలో చేర్చరాదు. కావుననే పటము గీసిన పిమ్మట నేలపైకి వచ్చి సరిచూడవలసి యుండును.

పునరుద్ధరణకు ఏ చెరువు కేమి రోగమో తెలియవలెను. ఒకదానికి పూడిక, ఒకదానికి కలుపు, ఒకదానికి తెగిన కట్ట. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి నీరు దిగు దారిని ఇండ్లో బాటయో అడ్డగించినచో, క్రింది చెరువున నెంత పూడిక దీసినను నిండదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక దీసిరి, మంచిదే. గొలుసు ఎచ్చట తెగెనో ముందు చూచుట అంతకంటె మంచిదని నా తలంపు. నేల యెత్తుపల్లములు గూడ చేర్చిన పటము దానిని చూపగలదు.

ఇక చట్టము. 2024 డిసెంబరు 11న సుప్రీంకోర్టు 2.25 హెక్టార్లకు మించిన చిత్తడి నేలలను నేలపై సరిచూచి హద్దులు గుర్తింపవలెనని రాష్ట్రముల నాదేశించినది. అయితే 2017 నాటి కేంద్ర నిబంధనలు సాగునీటికై మనుష్యులు కట్టిన జలాశయములను చిత్తడి నేలల నిర్వచనమునుండి తప్పించినవి. మన చెరువులలో పెక్కు అట్టివే. కావున వానికి ముఖ్యమైన రక్షణ పూర్తి నీటిమట్టపు రేఖయే.

ఆ రేఖను కరవు సంవత్సరపు చిత్రమును జూచి గీసినచో, ఎండిన శిఖము బీడుభూమిగా కనబడి, చెరువు సగమై కూర్చుండును. మత్తడి దుమికిన యేడు నీరు ఏ బండవరకు, ఏ చెట్టు మొదటివరకు వచ్చెనో ఉపగ్రహము లేని దినములనుండి యెరిగినవారు మీరే. సర్వేయరు వచ్చిన దినమున కట్టపై నిలువక, శిఖము చివరవరకు నడచి ఆ గురుతులు చూపుడు. మత్తడి యెత్తును వ్రాయించుడు. పటము ప్రతి యొకటి పంచాయతీలో నుంచుకొని, మీ కుంట అందు చుక్కగానైన నున్నదో లేదో చూచుకొనుడు.