విన్నమాట, కన్నరాయి
(ముండ్లమూరు పఠనమందిరమున చేసిన ప్రసంగము)



నేను న్యాయవాదిని. మా వృత్తిలో విన్నమాట సాక్ష్యము కాదు. కన్నవాడు బోనెక్కి చెప్పవలెను. అట్టి నేను, పేరులోనే వినికిడిని దాల్చిన వినుకొండను గూర్చి నేడు మాటలాడ బూనితిని.

మనకు ఉత్తరమున నున్న ఆ కొండపై ప్రాచీన దుర్గ శిథిలములును, రామలింగేశ్వరుని ఆలయమును కలవు. సీతాపహరణ వార్తను శ్రీరాముడు అచ్చట వినెను గనుక అది వినుకొండ యయ్యెనని పెద్దలు చెప్పుదురు. పండితుడొకడు 'వినువీధి' యను మాటను చూపి, విను అనగా ఆకాశము, మింటినంటు కొండయే వినుకొండ యని వాదింపవచ్చును. వీరిలో గెలుపెవరిదో నేను చెప్పజాలను. ఆ కథ త్రేతాయుగమునకు సాక్ష్యము కాకపోవచ్చును. కాని ఆ కొండను తమ రామకథలో కలుపుకొన్న మన పూర్వులకు అది నిక్కమైన సాక్ష్యము.

ఇక రాయి చెప్పు సాక్ష్యమును వినుడు. మనకు తూర్పున నున్న అద్దంకిలో దొరకిన పండరంగని శాసనము తొమ్మిదవ శతాబ్ది నాటిది. గుణగ విజయాదిత్యుని ఈ సేనాని బోయల కొట్టములు పండ్రెండింటిని సాధించినట్లు అందు తరువోజ పద్యమున కలదు. కొట్టమనగా నేడు మనకు పసులను కట్టు పాక. నాడది శూరులు కాచిన బలమైన నెలవు. కోట కూలినను మాట మిగిలినది. కాని ఆ మాటలోని ఘనతను మనము మరచితిమి. పదునాలుగవ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి ఆ అద్దంకినే రాజధానిగా నేలెను. ఎఱ్ఱాప్రగడ ఆయన ఆస్థానకవి. 1514లో ఉదయగిరిని గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు 1515లో అద్దంకి, వినుకొండ, బెల్లంకొండలను పట్టుకొని కొండవీటిని సాధించెను. ఇంతటి చరిత్ర మన ముంగిటనే నడచినది.

దుర్గములకే కాదు, పల్లెలకును సాక్ష్యము కలదు. ఓరుగల్లులో గల్లు అనగా రాయి. సంస్కృతమున దానినే ఏకశిల యనిరి. మన పసుపుగల్లులోని గల్లును అదియే కాబోలు! ముల్లు బహువచనమున ముండ్లగును. మన ఊరి పేరు వినగానే ముండ్లకంప తోచును. ఇట్టి ఊహలను తేల్చుటకు పాత పేర్లన్నియు ఒకచోట చేరవలెను.

ఈ పనిని రెండు వందల యేండ్ల క్రిందట కర్నల్ మెకంజీ చేయించెను. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య మొదలగు మనవారే ఆయనకు కన్నులును చెవులునై, ఊరూర కైఫీయతులను సేకరించిరి. ఆ కథలను, హద్దులను ఎరిగినవారు నాడు కరణములు. 1984లో కరణీకములు రద్దయ్యెను. ఆ మార్పు మంచి చెడ్డల జోలికి నేను పోను. కాని ప్రతి చేనికి, ప్రతి గుట్టకు, ప్రతి వాగుకు పేరెరిగిన నోరు దానితో మూగవోయినది.

నా యొద్దకు వచ్చు పాత దస్తావేజులలో హద్దులు పేర్లతో నుండును. కొత్తవానిలో సంఖ్యలే మిగిలినవి. పేరులేని గుట్ట రాతిక్వారీకి పోయినచో, పోయినది ఏదియో అడుగువాడైనను ఉండడు!

సోదరులారా! విన్నమాటను త్రోసివేయు ఆ 1872 నాటి సాక్ష్యచట్టమే ఒక మినహాయింపు నిచ్చినది. ప్రజల హక్కును గూర్చియు, ఆచారమును గూర్చియు, వివాదము పుట్టకమునుపు ఎరిగినవారు చెప్పి గతించిన మాట చెల్లును. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన కొత్త చట్టమును దీనిని నిలిపినది. కాని ఆ మాట మనకు దక్కవలెనన్న ముందుగా ఎవరో దానిని విని యుండవలెను గదా!

కావున ఈ మందిరమున ఒక పుస్తకము నుంచుదము. ప్రతి యువకుడును తన ఊరి వృద్ధునొకని చెంత కూర్చుండి చేల పేర్లు, గుట్టల పేర్లు, వాని కథలు వ్రాసికొని రావలెను. నిజమో కల్లయో పిమ్మట విచారింతము. మొదట విందము.