ఫోన్‌లోనే గిరాకీ

గోలేటిలాంటి బొగ్గు గని ఊళ్లలో కార్మిక కుటుంబాల మహిళలకు సింగరేణి సేవా సమితి కుట్టుపని వంటివి నేర్పిస్తోంది. పని వచ్చింది సరే, గిరాకీ రావాలి కదా!

2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ చిన్న దుకాణానికి ఉచితమే. అందులోని కేటలాగ్‌లో ప్రతి బ్లౌజు డిజైన్ ఫొటో, ధర పెట్టండి. స్టేటస్ 24 గంటలే ఉంటుంది కాబట్టి రోజూ కొత్తది పెట్టండి. మామూలు బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ సందేశం మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకే వచ్చిన ప్రతి గిరాకీతో ముందు మీ నంబర్ సేవ్ చేయించండి. గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం పేరు, వేళలు ఉచితంగానే నమోదు చేసుకోవచ్చు.

సమయం కూడా చూసుకోవాలి. షిఫ్టు దిగి ఇంటికి చేరాకే జనం ఫోన్ చూస్తారు. సింగరేణి కార్మికులకు దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ చేతికొచ్చే ముందే కొత్త డిజైన్లు చూపించండి.

ఒక్క జాగ్రత్త: డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. ఎవరైనా అడిగితే చెప్పకండి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.