లద్దాఖ్ వేసవి, మన నీరటి

లద్దాఖ్‌లో చాలా ఊళ్లకు ఏడాదికి ఒకటే పంట, ముఖ్యంగా బార్లీ. వేసవి నాలుగైదు నెలల్లోనే చేలు తడపాలి, లూసర్న్ గడ్డి కోసి ఇంటి కప్పు మీద ఎండేయాలి, చలికాలం పొయ్యికి పిడకలు చేసుకోవాలి. వాన బహు తక్కువ, మంచు కరిగిన నీళ్లే దిక్కు. వంతుల ప్రకారం నీళ్లు వదలడానికి ఊరు ఒక మనిషిని పెట్టుకుంటుంది. ‘చుర్‌పోన్’ అంటారు, మన చెరువు కింది నీరటి లాంటివాడే. విత్తే వేళకు పై మంచు కరగదు. అందుకే ఇంజనీరు చెవాంగ్ నోర్ఫెల్ చలికాలపు వాగునీటిని ఊళ్లకు దగ్గర్లోనే గడ్డకట్టించి నిలవ చేయించారు.

మనమేమో బోర్లు రాగానే నీరటిని వదిలేశాం. నేనూ వదిలేసినవాణ్ణే. ఇప్పుడు నా బోరు ఎండింది. వచ్చే చెరువు సమావేశంలో నీరటికి ఎకరానికి ఎన్ని గింజలివ్వాలో తేలుద్దాం, అందరూ రండి.